ఎండను కూడగట్టు అద్దములు

సైజింగు కార్ఖానాలోనికి వెళ్ళి చూచిన విద్యార్థులకు ఈ దృశ్యము తెలియును. వేలకొలది పడుగు దారములు వరుసగా సాగివచ్చి, గంజితొట్టిలో మునిగి, కాగుచున్న పెద్ద సిలిండర్లమీదుగా పోయి ఆరి, తుదకు బీమునకు చుట్టుకొనును. ఆ బీము సాంచాపైకి ఎక్కిన పిమ్మటనే మన తండ్రుల పని మొదలగును. గంజి పట్టని దారము సాంచా దెబ్బకు నిలువదు. ఆరని గంజి దారములను ఒకదానికొకటి అంటించివేయును. కనుక సిలిండర్లలో ఆవిరి ఎడతెగక ఉండవలెను. ఆవిరి కొఱకు బాయిలరు, బాయిలరు కొఱకు కట్టెలు లేదా బొగ్గు. కట్టెల ధర పెరిగినచో సైజింగు రేటు పెరుగును. సైజింగు రేటు పెరిగినచో మీటరు బట్టపై మిగులునది తగ్గును. ఈ సంగతి మన శాంతి నగరులో బడికి పోనివానికి కూడ తెలియును.

ఒకనాడు తొమ్మిదవ తరగతి బాలుడొకడు లేచి, “సార్, పైకప్పు రేకుమీద చేయి పెట్టిన కాలుచున్నది. ఇంత ఎండ ఊరకే పోవుచుండగా బాయిలరులో కట్టెలెందుకు వేయవలెను?” అని అడిగెను. గంట మ్రోగు వేళయగుటచే నేను తొందరగా, “ఎండ వేడి చాలదు” అని చెప్పి కూర్చుండబెట్టితిని. ఇంటికి పోయి ఆలోచింపగా ఆ సమాధానము సగమే నిజమని తోచినది. తక్కిన సగమును ఈ పాఠములో చెప్పుచున్నాను.

ముందుగా ఎండలో ఎంత వేడి యున్నదో చూతము. ఆకాశము నిర్మలముగా ఉన్న మధ్యాహ్నమున సూర్యునికి ఎదురుగా పట్టిన ఒక చదరపు మీటరు పలకపై సుమారు 1000 వాట్ల శక్తి పడును. గంటసేపు ఆ విధముగా పడినచో 860 కిలోకాలరీలగును. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడి చేయుటకు కావలసినది ఒక కిలోకాలరీ యని మీరు చదివియున్నారు. 30 డిగ్రీలలోనున్న కిలో నీటిని 100 డిగ్రీలకు తెచ్చుటకు 70 కిలోకాలరీలు, ఆ మరుగు నీటిని ఆవిరిగా మార్చుటకు గుప్తోష్ణము మఱి 540 కిలోకాలరీలు, వెరసి 610 కావలెను. చూచితిరా? ఒక బల్లయంత స్థలముమీద పడు ఎండ గంటకు ఒక కిలో నీటిని ఆవిరి చేయుటకు లెక్క ప్రకారము చాలియే యున్నది. “ఎండ చాలదు” అనుట పొరపాటు.

అట్లైన ఎండలో పెట్టిన బిందెలోని నీరు ఎందుకు మరుగదు? బిందె వేడెక్కిన కొలది ఆ వేడిని చుట్టునున్న గాలికి విడిచిపెట్టుచుండును గనుక. అడుగునుండి అంచువరకు చిల్లులున్న కుండలో నీరు పోసినట్లు ఊహింపుడు. నీటిమట్టము పెరిగిన కొలది ఎక్కువ చిల్లులనుండి నీరు కారును. ఒక మట్టము వద్ద పోయునదియు కారునదియు సమానమై కుండ అంతకు మించి నిండదు. బిందెలోని వేడి కూడ అట్లే కొంత దూరము పెరిగి నిలిచిపోవును. దీనికి ఉపాయమొక్కటే: ఎండ పడు స్థలము పెద్దదిగను, వేడి కారిపోవు స్థలము చిన్నదిగను చేయవలెను. పెద్ద అద్దముతో ఎండను పట్టి, ఒక చిన్న గొట్టముపైకి మరలించినచో ఈ రెండును ఒకేసారి జరుగును. అద్దము వేడిని పుట్టించుట లేదు. ఉన్న వేడి చెదరకుండ కూడగట్టుచున్నది, అంతే.

అద్దమునకు ఏ ఆకారము కావలెను? పుటాకార దర్పణమును గూర్చి చదివినప్పుడు సమాంతర కిరణములు నాభివద్ద కలియునని నేర్చితిరి. నిజమునకు గోళములో నుండి కోసిన అద్దములో అంచుల వద్ద పడిన కిరణములు నాభికి సరిగా చేరవు. అన్ని కిరణములను తప్పక నాభికి చేర్చు వంపు పరావలయము. విసరిన రాయి గాలిలో గీయు వంపు దాదాపు అదియే. ఆ వంపును ఒక గిన్నెవలె చేసినచో ఎండయంతయు ఒక చోటికి చేరును. దానినే పొడవుగా సాగదీసి నీళ్ళ తొట్టివలె చేసినచో ఎండ ఒక గీతవెంట చేరును. ఆ గీతమీద గొట్టమును అమర్చుదురు. తొట్టి అద్దము ఎండను ఎనుబది రెట్ల వరకు చిక్కబరచి సుమారు 400 డిగ్రీల వేడినీయగలదు. గిన్నె అద్దము అంతకు ఎన్నో రెట్లు చిక్కబరచును. అయినను ఎండ ఏనాడును ఒక బిందువుగా మారదు. సూర్యబింబము మన కంటికి అరడిగ్రీ వెడల్పు గలది గనుక, ఒక మీటరు నాభ్యంతరము గల అద్దములో దాని ప్రతిబింబము సుమారు 9 మిల్లీమీటర్ల బిళ్ళగా కనబడును.

ఇంకను రెండు చిక్కులు కలవు. మొదటిది, సూర్యుడు గంటకు 15 డిగ్రీల చొప్పున జరుగుచుండును. అద్దము కూడ వాని వెంట తిరుగవలెను. నాలుగు నిమిషములు ఏమరినచో ఒక డిగ్రీ తప్పిపోవును. రెండవది, తిన్నగా వచ్చిన కిరణములు మాత్రమే నాభికి చేరును. మబ్బులోనుండి, దుమ్ములోనుండి చెదరి వచ్చిన వెలుతురు కంటికి చాలును గాని ఈ అద్దములకు పనికిరాదు. దీనిని పరీక్షించుటకు యంత్రమక్కరలేదు. ఎండలో చేయి చాపుడు. నేలమీద వ్రేళ్ళ నీడ అంచు స్పష్టముగా ఉన్నచో అద్దము పనిచేయును. నీడ మసకగా ఉన్నచో చేయదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. అద్దములతోను భూతద్దములతోను సూర్యుని చూడరాదు. చూచినచో కన్ను పోవును. సాంచాల వద్ద దూదిపొట్టు ఎల్లయెడల పేరుకొనియుండును గనుక అచ్చట ఇట్టి ఆటలు బొత్తిగా పనికిరావు. తీరిక వేళల బడి ఆవరణలో ఉపాధ్యాయుని యెదుట మాత్రమే చేయుడు.

ఈ విద్య ఎక్కడనో దూరదేశమున పుట్టి నిన్న మొన్న మనకు వచ్చినదని తలంపవలదు. ఫ్రాన్సు దేశమున అగుస్తిన్ మూషో అను ఉపాధ్యాయుడు ముందుగా శ్రమించి 1878లో పారిస్ ప్రదర్శనములో ఎండతో ఆవిరి యంత్రమును నడిపి చూపిన మాట నిజమే. కాని అదే 1878లో, మన భివండీకి ఒక పూట ప్రయాణము లేని బొంబాయి కొలాబాలో, విలియం ఆడమ్స్ అను ఆంగ్లేయుడు తన ఇంటి ఆవరణలోనే ఎండతో బాయిలరును కాచెను. అతడు ఇంజనీరు కాడు, బొంబాయి హైకోర్టులో ఉద్యోగి. మూషో వాడిన వెండిపూత లోహపు అద్దములు ఖరీదైనవనియు, త్వరగా మాసిపోవుననియు గ్రహించి, అతడు మామూలు చదును గాజు అద్దములనే అనేకముగా ఒక చట్రమున బిగించి, ప్రతిదానిని ఒకే బాయిలరు వైపు తిప్పెను. బాయిలరు కదలకుండ ఉండగా అద్దముల చట్రము సూర్యుని వెంట అర్ధచంద్రాకారపు పట్టాపై జరుగుచుండెను. ఆ ఆవిరితో రెండున్నర అశ్వశక్తి గల యంత్రము నీటిపంపును నడిపినది. ఉష్ణదేశములలో వంటచెరకునకు, బొగ్గునకు బదులుగా సూర్యతాపమును వాడవచ్చునని ఆయన ఒక గ్రంథము కూడ ప్రకటించెను. ఆ కాలమున బొంబాయి నూలుమిల్లులు ఓడలమీద వచ్చిన బొగ్గుతో నడచుచుండెను. బట్టల ఊరివారమైన మనము ఆ పేరు వినకపోవుట వింతయే.

పిమ్మట 1913లో ఐగుప్తు దేశమున కైరో చెంత మాదీ అను చోట ఫ్రాంక్ షూమన్ అను అమెరికనుడు తొట్టి అద్దములతో ఆవిరి పుట్టించి నైలు నదినుండి నీరు తోడించెను. మరుసటి యేడు మహాయుద్ధము వచ్చినది, దాని పిమ్మట చమురు చౌకయైనది, అద్దములు మూలబడినవి.

ఇప్పుడు మనవారి కథకు వత్తము. మీలో పలువురు తలిదండ్రులతో తిరుమలకు వెళ్ళి అన్నప్రసాదము స్వీకరించియుందురు. తిరుమల తిరుపతి దేవస్థానమువారు 2002లో వంటశాల కొఱకు ఎండ ఆవిరి పరికరములను నెలకొల్పిరి. 9.2 చదరపు మీటర్ల అద్దములు 106. వోల్ఫ్‌గాంగ్ షెఫ్లర్ అను ఆయన రూపొందించిన తీరువి. ఈ తీరులోని గొప్పతనమేమనగా, అద్దము సూర్యుని వెంట తిరుగుచున్నను నాభి కదలక ఒకే చోట నుండును. కనుక గొట్టములను స్థిరముగా బిగించుకొనవచ్చును. రోజునకు 4000 కిలోలకు పైగా ఆవిరి, సుమారు 180 డిగ్రీల వేడితో, పదునైదు వేల మందికి రెండు పూటల వంటకు చాలునంతగా వచ్చునట్లు దానిని ఏర్పరచిరి. డీజిలుతో నడచు పాత బాయిలరును తీసివేయలేదు. దానికే ఈ ఆవిరి గొట్టమును కలిపిరి. ఎండ ఉన్నప్పుడు ఎండ, లేనప్పుడు డీజిలు.

ఈ అంకె నమ్మదగినదేనా? మనమే లెక్క వేయుదము. ఎండ ఎల్లప్పుడును 1000 వాట్లు ఉండదు గనుక 700 అనుకొందము. చదరపు మీటరుకు గంటకు సుమారు 600 కిలోకాలరీలు. అద్దము మింగినది, గొట్టము విడిచినది పోగా సగము దక్కినదనుకొన్నచో 300. కిలో ఆవిరికి 610 కావలెను. అనగా రెండు చదరపు మీటర్ల అద్దమునకు గంటకు ఒక కిలో ఆవిరి. ఈ సూత్రమును వ్రాసికొనుడు. ఇది కంఠస్థముగా ఉండదగినది. తిరుమలలో మొత్తము అద్దము 106ను 9.2తో హెచ్చింపగా 975 చదరపు మీటర్లు. గంటకు సుమారు 490 కిలోల ఆవిరి. 4000 కిలోలకు ఎనిమిది గంటల మంచి ఎండ కావలెను. లెక్క కుదురుచున్నది; కాని అది నిర్మలమైన రోజు లెక్కయని, మబ్బు పట్టిన రోజుది కాదని మఱువరాదు. ఇట్టి పరికరములను గూర్చి ప్రకటించు అంకెలలో చాలవరకు మంచి రోజులవియే.

మన మహారాష్ట్రములో షిర్డీ సంస్థానమువారు 2009లో ప్రసాదాలయముపై 16 చదరపు మీటర్ల అద్దములను 73 పెట్టిరి. కాని నాకు సైజింగు వారికి చూపవలెనని తోచునది లాతూరులోని మహానంద పాలకేంద్రము. అచ్చట బొంబాయి ఐ.ఐ.టి. ఆచార్యులు శిరీష్ కేదారే గారి పరిశోధనతో తయారైన ‘అరుణ్’ అను పెద్ద అద్దమును 2006 ప్రాంతమున నెలకొల్పిరి. అది ఒకే స్తంభముపై నిలిచి, 160 చదరపు మీటర్ల విశాలముతో సూర్యుని వెంట తిరుగును. పెద్ద వంపు అద్దము చేయుట కష్టము గనుక, చిన్న చదును అద్దములను వంపు తిరుగునట్లు మెట్లు మెట్లుగా అమర్చిరి. కొలాబా ఉపాయమే వేఱు వేషమున వచ్చినదన్నమాట. పీడనములో నుంచిన నీటిని అది వేడి చేయగా, ఆ నీటిని వేడి పోని పెద్ద తొట్టిలో నిలువ చేసి, పాలు కాచుటకు వాడుదురు. పాలు కాచుటయు గంజి ఆరబెట్టుటయు వేడి దృష్టితో చూచిన దగ్గరి చుట్టములే: రెంటికిని 200 డిగ్రీల లోపు వేడి చాలును.

అద్దములతో విద్యుత్తు కూడ పుట్టింపవచ్చును. ఆంధ్రప్రదేశములో అనంతపురము జిల్లా నాగలాపురమున మేఘా సంస్థవారి 50 మెగావాట్ల కేంద్రము 2014 నవంబరులో మొదలయ్యెను. (వేదనారాయణస్వామి కోవెల గల నాగలాపురము వేఱు, ఇది వానలు అరుదుగా కురియు రాయలసీమ మెట్టభూములలోనిది.) అచ్చట మూడున్నర లక్షల చదరపు మీటర్లకు మించిన తొట్టి అద్దములు బారులు తీరి యుండును. గాజు తొడుగులోని గొట్టములగుండ ప్రవహించు ఒక జాతి నూనె సుమారు 390 డిగ్రీల వరకు కాగి, తన వేడిని నీటికిచ్చి ఆవిరి చేయును. ఆవిరి టర్బైనును త్రిప్పును. అక్కడినుండి అంతయు బొగ్గు విద్యుత్కేంద్రము వంటిదే.

ఇక్కడనే జాగ్రత్తగా ఆలోచింపవలసిన సంగతి కలదు. ఆవిరి టర్బైను తనకిచ్చిన వేడిలో మూడింట ఒక వంతును మాత్రమే విద్యుత్తుగా మార్చగలదు. తక్కినది చల్లార్చు నీటిలోను గాలిలోను కలిసిపోవును. ఇది యంత్రము చేసినవాని లోపము కాదు. వేడిని పనిగా మార్చునప్పుడు ప్రకృతి తీసికొను సుంకము. అద్దముల వద్ద నష్టము, టర్బైను వద్ద సుంకము రెండును పోగా, పడిన ఎండలో ఏడింట ఒక వంతు విద్యుత్తుగా దక్కుట కష్టము. మన మేడలమీద కనబడు నల్లని సౌరఫలకములు ఆవిరి, టర్బైను ఏదియు లేకుండ, తిరుగకుండ, మసక వెలుతురులో కూడ కొంత పనిచేయుచు, ఐదింట ఒక వంతు వరకు ఇచ్చుచున్నవి. ధర చూడుడు. 2010 వేలములో అద్దముల కేంద్రములకు ఏడింటికి అనుమతి లభించినది. నాగలాపురమునకు కుదిరినది యూనిటుకు 11 రూపాయల 31 పైసలు. 2020 డిసెంబరులో గుజరాతు వేలములో సౌరఫలకముల విద్యుత్తు యూనిటు 1 రూపాయ 99 పైసలకు వచ్చినది. ఆ ఏడు కేంద్రములలో కొన్ని మాత్రమే పూర్తియగుటకు ఇది యొక కారణము.

అట్లని విద్యుత్తు విషయమున అద్దములు ఓడిపోయినవని చెప్పరాదు. వేడిని రాత్రికి దాచుకొనవచ్చును. స్పెయిను దేశములో 2011లో మొదలైన హెమసోలార్ అను కేంద్రమున సురేకారము వంటి లవణములను కరగించి, వేడిగా తొట్టిలో నిలువ చేసి, ప్రొద్దు క్రుంకిన పిమ్మట పదునైదు గంటలవరకు టర్బైనును నడుపగలిగిరి. రాజస్థానములో ఆబూరోడ్డు వద్ద బ్రహ్మకుమారీ సంస్థవారి కేంద్రములో 60 చదరపు మీటర్ల అద్దములు 770 ఉన్నవి. అచ్చట వేడిని పోత ఇనుప దిమ్మలలో దాతురు. సాంచా రాత్రియు నడచునది గనుక ఈ నిలువ మాట మనకు చెవికి ఇంపుగా వినబడును. కాని ఒక సాంచాల షెడ్డుకు అద్దముల విద్యుత్కేంద్రము కట్టుట ఈగపై గొడ్డలి యెత్తుటయే. మన సాంచాకు విద్యుత్తు కావలెనన్న ఫలకములే చౌక. మన సైజింగునకు కావలసినది విద్యుత్తు కాదు, వేడి. వేడిని వేడిగానే వాడినప్పుడు టర్బైను సుంకము కట్టనక్కరలేదు. అద్దము పట్టిన ఎండలో సగము తిన్నగా సిలిండరులోనికి చేరును.

ఇక భివండీ లెక్క. గంటకు 500 కిలోల ఆవిరి కావలసిన సైజింగును ఊహింపుడు. మన సూత్రము ప్రకారము 1000 చదరపు మీటర్ల అద్దము, అనగా లాతూరు అద్దముల వంటివి ఆరు ఏడు. ఆరు గంటల ఎండకు 3000 కిలోల ఆవిరి. కిలో ఎండుకట్టెలో సుమారు 4000 కిలోకాలరీలుండును. బాయిలరులో సగము దక్కినదన్నచో మూడు కిలోల ఆవిరికి ఒక కిలో కట్టె. కనుక ఎండ కాచిన ప్రతిదినమును ఒక టన్ను కట్టెలు మిగులును. ఇది తక్కువ మాట కాదు. ఆ టన్ను కట్టెల పొగ ఎవరి ఊపిరితిత్తులలోనికి పోవుచున్నదో బాయిలరు చుట్టుప్రక్కల నివసించువారికి చెప్పనక్కరలేదు.

అడ్డంకులను దాచరాదు. వేయి చదరపు మీటర్ల ఖాళీస్థలము శాంతి నగరు గల్లీలలో దొరకదు. రేకుల కప్పులు ఆ బరువును, గాలి తాకిడిని ఓర్వవు. ఊరి వెలుపల స్థలమున్న సైజింగులకే అది సాధ్యము. జూన్ నుండి సెప్టెంబరు వరకు నీడ అంచు కనబడు దినములు వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును. అప్పుడు అద్దములు ఊరక నిలిచియుండును. దూదిపొట్టు, రోడ్డుదుమ్ము పట్టిన అద్దము గ్రుడ్డిది. దానిని తరచుగా కడుగవలెను. బాయిలరు వద్ద పనిచేయు తండ్రుల పని పోవునా యని కొందఱు తల్లులు అడుగవచ్చును. బాయిలరు పోదు, తిరుమలలో వలె ఉండియే తీరును; రాత్రియు వానకాలమును దానివే. దానికి తోడు అద్దములను కడుగువారు, త్రిప్పువారు, వాల్వులు చూచువారు కావలెను.

పెద్ద అద్దములు పెట్టలేనివారికి చిన్న మార్గము కలదు. బాయిలరులోనికి పంపు నీరు 30 డిగ్రీలలో గాక 90 డిగ్రీలలో పోయినచో, 610లో 60 కిలోకాలరీలు ముందే సంపాదించినట్లు. అనగా కట్టెలలో పదవ వంతు. దీనికి వంపు అద్దములు కూడ అక్కరలేదు. ఇండ్లపై స్నానపు నీటికి పెట్టు గాజు గొట్టముల వంటివే చాలును, వానికి చోటు కూడ తక్కువ. సిలిండర్లనుండి చల్లబడి కారు వేడినీటిని మోరీలోనికి వదలక బాయిలరునకు త్రిప్పుకొన్నచో, ఎండ లేకయే ఆ లాభములో పెద్ద భాగము దక్కును. నేను సైజింగు యజమానినైనచో మొదట ఈ గొట్టమును బిగించి, పిమ్మటనే అద్దముల మాట యెత్తుదును.

తొమ్మిది, పది తరగతుల విద్యార్థులు సెలవులలో ఈ పని చేయవలెను. ఎఱిగిన సైజింగునకు పెద్దలతో కూడ వెళ్ళి, రోజునకు ఎన్ని కిలోల కట్టెలు కాలుచున్నవో, సిలిండర్ల నీరు ఎచ్చటికి పోవుచున్నదో అడిగి వ్రాసికొనుడు. కప్పు పొడవు వెడల్పులను అడుగులలో కొలిచినవారు చదరపు మీటర్లలోనికి మార్చుకొనుడు. జూన్ మొదటి తేదీ నుండి ప్రతిదినము మధ్యాహ్నము పన్నెండు గంటలకు బడి వసారాలో చేయి చాపి, నీడ అంచు స్పష్టముగా ఉన్నదో లేదో నోటుపుస్తకమున ఒక గీత గీయుడు. సెప్టెంబరు చివర ఆ గీతలను లెక్కించి తరగతికి తెండు.